అనుభవం గడిలో ‘లేదు’ అని ఎందుకు రాయాలి?

దళిత యువకుడికి ఈ దేశంలో ఒకే పెద్దమనిషి రెండు నోళ్లతో బుద్ధి చెప్తున్నాడు. ఉద్యోగం ఇమ్మని అడిగితే, "అందరికీ ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? చిన్న వ్యాపారం పెట్టుకో, సొంత కాళ్ల మీద నిలబడు" అంటాడు. సరేనని నాలుగేళ్లు వ్యాపారం చేసి, చితికో చితక్కో మళ్లీ ఉద్యోగానికి పోతే, "నీకు అనుభవం ఏదీ?" అంటాడు. వ్యాపారం చెయ్యమన్నదీ ఆయనే, చేసిన వ్యాపారం అనుభవం కాదన్నదీ ఆయనే. ఇన్నాళ్లూ దీన్ని మన ఖర్మ అనుకున్నాం. ఇది ఖర్మ కాదు, ఎత్తుగడ.

రావికమతం మండలం 2022 ఏప్రిల్లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆఫీసుల మీద బోర్డులు మారాయి గానీ మా పేటల దారి మారలేదు. ఇంటరూ డిగ్రీ ఐటిఐ చదివిన మా పిల్లలు తెల్లారకుండా బస్సెక్కి అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మాసిటీకో, విశాఖలో ఏ షాపింగ్ మాల్‌కో బయోడేటాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఆ బయోడేటాలు మేం చూస్తున్నాం. పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, మార్కులు ఉంటాయి. ‘అనుభవం’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ‘లేదు’ అని రాసేస్తారు.

లేదా? నిజంగా లేదా?

పదో తరగతి నుంచీ అమ్మతో పాటు సంతలో కూర్చుని తక్కెడ పట్టిన పిల్ల ‘లేదు’ అని రాస్తోంది. నాన్న చెప్పుల కొట్టులో సరుకు తెచ్చి, కొలత తీసి, అరువు వసూలు చేసిన పిల్లాడు ‘లేదు’ అని రాస్తున్నాడు. డ్వాక్రా సంఘంలో అక్షరం రాని పదిమంది అమ్మల పొదుపు, అప్పు, వడ్డీ పుస్తకం ఆరేళ్లుగా తన చేత్తో రాస్తున్న చెల్లెలు ‘లేదు’ అని రాస్తోంది. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మేళం కట్టి, పన్నెండు మందికి కూలి ఇచ్చి, అడ్వాన్సు పుచ్చుకుని, వ్యాను మాట్లాడి, ముహూర్తం వేళకి ఊరు చేరిన అన్న ‘లేదు’ అని రాస్తున్నాడు. అడిగితే ఏమంటారు? "అదేటన్నా, అదీ ఒక పనేనా? ఇంటికాడ ఏదో సేసుకున్నాం" అంటారు.

ఈ మాట వాళ్ల నోట్లోకి ఎవరు పెట్టారు?

షావుకారు కొడుకు తండ్రి కొట్టులో గల్లాపెట్టె దగ్గర రెండేళ్లు కూర్చుంటే అది ‘వ్యాపార కుటుంబ నేపథ్యం’. పెద్ద కులం కుర్రాడు బెంగుళూరులో ఇద్దరు స్నేహితులతో కంపెనీ పెట్టి, తండ్రి డబ్బు ఏడాదిలో తగలేసి మూసేస్తే అది ‘స్టార్టప్ అనుభవం’. ఇంటర్వ్యూలో అది చెప్తే కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు. ‘రిస్కు తీసుకున్నాడు’ అని మెచ్చుకుంటారు. రెల్లి తల్లి ముప్ఫయ్యేళ్లుగా రోజూ అప్పు తెచ్చి, రోజూ రిస్కు తీసుకుని, ఆ బుట్టతోనే ముగ్గురు పిల్లల్ని చదివిస్తే దాని పేరేమిటి? ‘కులవృత్తి’. వాళ్లది వ్యాపారం, మనది వృత్తి. వాళ్లు నేర్చుకున్నది నైపుణ్యం, మనం నేర్చుకున్నది అలవాటు. పని ఒకటే. చేసిన కులం మారేసరికి పేరు మారిపోయింది.

బుట్టలో ఉన్న లెక్క ఎంతో చెప్తాం, వినండి. ఉదాహరణకి ఒక తల్లి పొద్దున్నే వడ్డీ వ్యాపారి దగ్గర 900 రూపాయలు తీసుకుంది. సాయంత్రానికి 1000 కట్టాలి. ఆ 900 పెట్టి నూరు మామిడికాయలు కొన్నది. అందులో పది పాడయ్యాయి, తొంభై మిగిలాయి. ఆటోకి 60, సంతలో ఆశీలుకి 20. మొత్తం ఖర్చు 1080. అంటే సగటున కాయ 12 రూపాయలకి తక్కువ పడితే నష్టం. ఈ లెక్క ఆమె కాయితం మీద వెయ్యదు. కాయ చేత్తో పట్టుకుంటూనే వేసేస్తుంది. పొద్దున్న 15 చెప్పి నలభై కాయలు అమ్ముతుంది. ఎండ ఎక్కాక 13కి దించి ముప్ఫయి అయిదు అమ్ముతుంది. దీపాల వేళకి మిగిలిన పదిహేను మాగిపోతాయని తెలుసు, 10కి తోసేస్తుంది. చేతికి వచ్చింది 1205. అన్నీ పోను 125. ఆ రోజు ఇంటి కూడు అదే.

ఏ కాయ ఎవరికి చూపించాలో, ఏ ధర ఎప్పుడు దించాలో, ఏ గిరాకీని వదులుకోవాలో, ఎవరికి అరువివ్వకూడదో ఆ తల్లికి తెలుసు. ఎంబిఏ కాలేజీలో ఈ సంగతులకే ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు పేరు పెట్టి, లక్షలు ఫీజు గుంజి, రెండేళ్లు చెప్తారు. రోజుకి నూటికి పదకొండు రూపాయలు వడ్డీ కట్టి కూడా మిగుల్చుకున్న మనిషిని ఆ కాలేజీ ఏ ప్రొఫెసరైనా చూశాడా? ఆ తల్లి పక్కన కూర్చుని పదేళ్లు ఈ లెక్క నేర్చిన పిల్ల, మాల్‌లో బిల్లు కౌంటరు ఉద్యోగానికి పోయి ‘అనుభవం లేదు’ అంటే, అబద్ధం చెప్పినట్టు కాదా? తన మీద తానే చెప్పుకున్న అబద్ధం.

కుటుంబ నేపథ్యం అనే జల్లెడ

మెరిట్ మెరిట్ అని మండల్ రోజుల నుంచీ గొంతు చించుకుంటున్న వాళ్లు ఈ సంగతి కూడా వినాలి. 2007లో సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే పరిశోధకులు ఢిల్లీ ప్రాంతంలో పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి ఒక వ్యాసం రాశారు. ఆ మేనేజర్లు కులం చూడమన్నారు, ప్రతిభే చూస్తామన్నారు. అదే నోటితో ఇంటర్వ్యూలో ‘కుటుంబ నేపథ్యం’ తప్పకుండా అడుగుతామనీ చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, తల్లి ఏం చేస్తుంది, ఏ ఊరు, ఏ వీధి? కులం అడక్కుండా కులం తెలుసుకునే జల్లెడ అది. అదే ఏడాది సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటివెల్ ఇంకో పరీక్ష బయటపెట్టారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే చదువు, ఒకే అర్హతలతో వేరే వేరే కులాల పేర్లు పెట్టి దరఖాస్తులు పంపారు. పై కులం పేరుకి పిలుపొచ్చే అవకాశంలో దళితుడి పేరుకి వచ్చింది మూడింట రెండు వంతులే.

పైన కూర్చున్న వాళ్లెవరు? దేశంలో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులని 2012లో లెక్కగట్టిన అధ్యయనంలో నూటికి 92 మందికి పైగా అగ్రకులాల వాళ్లే తేలారు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరినీ కలిపినా నూటికి నలుగురు లేరు. మరి మనం వ్యాపారం చెయ్యటం లేదా? 2005 ఆర్థిక గణన ప్రకారం దేశంలో ఉన్న సంస్థల్లో నూటికి దాదాపు పది ఎస్సీలవే. బుట్ట, బండి, బడ్డీ, కొట్టు, కార్ఖానా అన్నీ కలిపి. మన జనాభా వాటాకి అది చాలా తక్కువ, నిజమే. కానీ సున్నా కాదు కదా! వ్యాపారంలో నూటికి పది దాకా ఉన్నవాళ్ల బయోడేటాలో అనుభవం సున్నా ఎందుకవుతోంది? కింద మనం చేసింది పైన ఎవరూ లెక్కపెట్టటం లేదు గనక. మనమూ లెక్కపెట్టుకోవటం లేదు గనక.

నష్టపోతే సిగ్గా?

"మా కొట్టు మూతబడిపోయింది, అదేం గొప్పని చెప్పుకోవాలి" అంటారు మన కుర్రాళ్లు. ఈ సిగ్గు కూడా వదలాలి. బాబాసాహెబ్ అంబేడ్కర్ కొలంబియాలో అర్థశాస్త్రం చదివి 1917లో దేశానికి తిరిగొచ్చారు. బరోడా కొలువులో అంటరానితనం నిలవనివ్వకపోతే బొంబాయి చేరి, షేర్లు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టారు. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిసి జనం రావటం మానేశారు. వ్యాపారం మూతబడింది. ఆయనకి లెక్క రాకనా? 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. 1923లో రూపాయి సమస్య మీద ఆయన పుస్తకమే అచ్చయింది. ఆ వ్యాపారం మూయించింది చేతకానితనం కాదు, కులం.

మన పేటల్లో మూతబడిన టిఫిన్ బడ్డీల కథ కూడా అదే. ఇడ్లీ బాగోలేక మూతబడిందా, వండిన చెయ్యి ఎవరిదో ఊరికి తెలిసి మూతబడిందా? పాలు నీళ్లయి అమ్ముడుపోలేదా, పేట నుంచి వచ్చాయని అమ్ముడుపోలేదా? ఊరు మొత్తం గిరాకీ కట్టేసినా ఆర్నెల్లు నడిపినవాడు అందరికంటే గట్టి వ్యాపారి. ఎదురుగాలికి తెడ్డేసినవాడికి పడవ నడపడం రాదంటే ఎవరు నమ్మాలి?

గుంజకి కట్టే పొగడ్తతో జాగ్రత్త

ఇక్కడ మన పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. "బుట్ట దించమనీ, చచ్చిన గొడ్డుని లాగటం మానమనీ అంబేడ్కర్ చెప్పాడు కదా. మీరు మళ్లీ దాన్నే నెత్తికెత్తి చూపించమంటారా?" అంటారు.

మేం అనేది అది కాదు. వెట్టి వేరు, వ్యాపారం వేరు. ఊరి గొడ్డు చస్తే మోసుకుపోవాల్సిందే అన్నది వెట్టి. ఏడాదంతా చెప్పులు కుట్టిస్తే కళ్లంలో ఇన్ని గింజలు విదిల్చింది వెట్టి. దాన్ని పాతిపెట్టాల్సిందే. కానీ తోలుకి సున్నం ఎంత పట్టాలో, తంగేడు చెక్క నీళ్లలో ఎన్నాళ్లు నానాలో కనిపెట్టిన తెలివి వెట్టి కాదు. ఆ తంగేడు చెక్క తెలివితోనే మద్రాసు రాజధాని తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు పోయాయి. ఎగుమతి చేసినవాడు కోటీశ్వరుడయ్యాడు, ఊనిన మాదిగ తొట్టి దగ్గరే కూలిగా మిగిలిపోయాడు. మనం పని వదిలేశాం, మంచిదే. దాంతోపాటు తెలివి మీద హక్కు కూడా వదిలేశాం. అదే నష్టం. బుట్ట దించండి. బుట్ట మోసిన బుర్రని ఎందుకు దించాలి?

ఇంకో ప్రమాదం ఉంది. మన వృత్తుల్ని పొగిడేవాళ్లందరూ మన చుట్టాలు కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక చదువుల పథకం తెచ్చాడు. పల్లెటూరి పిల్లలు ఒక పూట బడి, మిగిలిన పూట ఇంటి దగ్గర తల్లిదండ్రుల పని నేర్చుకోవాలన్నాడు. ఆ ఏడాది అక్టోబరు 1 దాకా మా విశాఖపట్నం జిల్లా ఆ రాష్ట్రంలోనిదే. ద్రావిడ ఉద్యమం దీనికి ‘కులవిద్య’ అని పేరుపెట్టి వీధుల్లోకి వచ్చింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక పథకం పోయింది. మాటలో ఎంత తీపి ఉందో చూడండి: తండ్రి పని గొప్పది, కొడుకు నేర్చుకోవాలి! అదే నిజమైతే లాయరు కొడుకునీ, కలెక్టరు కొడుకునీ కూడా ఒక పూట బడి మానిపించి చెప్పులు కుట్టడం నేర్పించాల్సింది.

2023 సెప్టెంబరు 17న పెట్టిన పిఎం విశ్వకర్మ పథకాన్ని కూడా మనం ఈ చూపుతోనే చూడాలి. పద్దెనిమిది వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్లూ ఉన్నారు. శిక్షణలో రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15,000, మొదటి విడత లక్ష అప్పు, నూటికి అయిదు వడ్డీ. రోజువారీ వడ్డీ కంటే వెయ్యిరెట్లు నయం. తీసుకోండి, హక్కుగా తీసుకోండి. కానీ ఆ సర్టిఫికెట్టు ఎటు తీసుకుపోతుంది? చెప్పుల కొట్టు నుంచి పాదరక్షల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కుర్చీకా, మళ్లీ చెట్టు కింద గోనెపట్టా మీదికేనా? తండ్రి పని కొడుక్కి నిచ్చెన కావాలి. గుంజ కాకూడదు. నిచ్చెన అయితే మెచ్చుకుంటాం, గుంజ అయితే పీకేస్తాం.

పిల్లల్ని బడి మానిపించి బుట్ట ఎత్తించమని కూడా మేం అనటం లేదు. చదువుకి చదువే. చదువుతో పాటు బతుకు నేర్పిన విద్యని కూడా కాయితం మీద పెట్టమంటున్నాం.

ఎట్లా రాయాలి?

తమ్ముడూ, చెల్లెమ్మా, ఈసారి బయోడేటా రాసేటప్పుడు ‘అమ్మకి సాయం చేసేదాన్ని’ అని రాయొద్దు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, వారానికి ఎన్ని రోజులు, ఏ సరుకు, రోజుకి సుమారు ఎంత అమ్మకం అన్నది రాయండి. కొనుగోలు ఎవరు చేశారు, ధర ఎవరు కట్టారు, లెక్క ఎవరు రాశారు, అరువు ఎవరు వసూలు చేశారు, అందులో నీ వంతు ఏమిటో రాయండి. పందులు పెంచినవాడు మేత ఖర్చు, జబ్బు కనిపెట్టడం, టీకాలు, చూపుతో బరువు కట్టడం రాయాలి. బ్యాండు మేళం కట్టినవాడు పన్నెండు మందిని నడిపిన సంగతి రాయాలి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చేసేది కూడా అదే కదా! డ్వాక్రా పుస్తకం రాసిన చెల్లెలు ఎన్నేళ్లు రాసిందో, ఎంతమంది లెక్క రాసిందో, ఆడిట్లో పుస్తకం ఎట్లా నిలబడిందో రాయాలి.

ఒక్క రూపాయి ఎక్కువ చేసి రాయొద్దు. అబద్ధం మనకి అవసరం లేదు, మన నిజమే చాలా పెద్దది. రుజువులు పోగెయ్యండి. ఆశీలు రసీదులు, తోట అడ్వాన్సు కాయితం, బ్యాంకు పాసుబుక్కు, ఫోన్లో డబ్బు జమైన లెక్కలు, సంఘం తీర్మానం పుస్తకం ఇవన్నీ సాక్ష్యాలే. పెద్ద రిజిస్ట్రేషన్లు లేని చిన్న వ్యాపారాల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అని మొదలుపెట్టారు. అమ్మ బుట్టకి కూడా అందులో పేరు నమోదు చేయించి కాయితం తీసుకోండి. దీనికి ఫీజు లేదు, ఎవడైనా అడిగితే దళారీ అని గుర్తు పెట్టుకోండి. పట్నంలో వీధి వర్తకులకి 2014 చట్టం సర్టిఫికెట్టు ఇమ్మంటోంది. ఆ చట్టం మునిసిపాలిటీలకే గనక పల్లెటూరి సంతలో కూర్చున్న తల్లికి అది అందదు. ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే!

ఇంటర్వ్యూలో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే తల వంచొద్దు. "చెప్పుల వ్యాపారం సార్, అందులో సరుకు కొనుగోలు నేను చూసేవాణ్ణి" అని చెప్పు. నీ కులం వాడికి అనవసరం. నీ లెక్క వాడికి అవసరం. మాటని అక్కడికి లాగు.

అయితే ఒక్కడు రాస్తే చాలదు

బయోడేటా దిద్దుకున్నంత మాత్రాన కులం దిగిపోతుందని మేం భ్రమపెట్టం. పేరు చూసి పక్కన పడేసేవాడు అనుభవం గడి దాకా చదవనే చదవడు. అందుకే ఇది ఒక్కొక్కడి తెలివితేటల వ్యవహారం కాదు, ఉద్యమం పని.

మేం అడిగేవి ఇవి. రాష్ట్ర స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టే ఉద్యోగ మేళాల ఫారాల్లో సొంత వ్యాపార, కుటుంబ వ్యాపార అనుభవానికి ప్రత్యేకంగా గడి పెట్టాలి. ముందే నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఆ పరీక్ష మండల కేంద్రంలో జరగాలి, వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి కట్టివ్వాలి, పళ్ల వ్యాపారం నుంచి బ్యాండు మేళం దాకా అన్నిటికీ జరగాలి. 1974 నుంచీ ఎస్సీ కార్పొరేషన్ మనకి గేదెలూ కొట్లూ అప్పుగా ఇస్తోంది. అప్పు కట్టకపోతే నోటీసు ఇవ్వటం వచ్చినవాళ్లకి, మూడేళ్లు యూనిట్ నడిపినవాడికి అనుభవ పత్రం ఇవ్వటం రాదా? ప్రభుత్వం సేకరించి ఇచ్చిన భూముల్లో నిలబడ్డ సెజ్ కంపెనీలు ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడగటం మానాలి. ఎంతమంది ఎస్సీలని ఏ పనిలో పెట్టుకున్నారో ఏటా గేటు మీద అంటించాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ మన పాత డిమాండు. దాన్ని వదిలేది లేదు.

ఎందుకంటే రేపు ఇదే పెద్దమనిషి మన మాటనే మన మీదికి తిప్పుతాడు. "మీకు వ్యాపారం బాగా వచ్చు కదా, ఇంకా రిజర్వేషన్ ఎందుకు?" అంటాడు. దానికి జవాబు ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాం. మాకు వ్యాపారం వచ్చు, లెక్క వచ్చు, మనుషుల్ని నడపటం వచ్చు. ఇన్ని వచ్చినవాళ్లని ఇన్నేళ్లు గేటు బయట నిలబెట్టారు గనకే రిజర్వేషన్ అడుగుతున్నాం. రాని వాళ్లమని జాలిపడి ఇవ్వొద్దు. వచ్చిన వాళ్లని ఆపినందుకు బాకీ తీర్చండి.

ప్రతి పేటలో ఒక ఆదివారం కూర్చుందాం. చదువుకున్న పిల్లలు పెన్ను పట్టుకోండి. అమ్మలు, నాన్నలు, మామ్మలు చెప్తారు, మీరు రాయండి. ఏమేం కొన్నారు, ఎట్లా అమ్మారు, ఎప్పుడు నష్టపోయారు, ఎవరు ముంచారు, ఎట్లా లేచారు. మన పేటల వ్యాపార చరిత్ర ఎవరూ రాయలేదు. అది రాస్తే గానీ మన పిల్లల బయోడేటాలో ఆ ‘లేదు’ పోదు.

జై భీమ్!